గుండె ఒకరిది.. కాపలా ఇద్దరిది

మూకండపల్లి (హోసూరు): మెట్లెక్కితే ఆయాసం.. వెల్లకిలా పడుకుంటే దగ్గు.. సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పాదాల వాపు. మూకండపల్లిలో ఈ మూడింటికీ మొదట దొరికే కారణాలు వేరు. ఆయాసమంటే వయసు. దగ్గంటే సిప్కాట్ పొగ. వాపంటే షిఫ్టులో ఎనిమిది గంటలు నిలబడిన ఫలితం. ఇవేవీ కుదరకుంటే 'గ్యాసేమోలే' అనే మాట ఉండనే ఉంది. చంద్రచూడేశ్వరుని గుట్టను ఏటా గబగబా ఎక్కిన మనిషి సగం మెట్ల మీద కూలబడేదాకా గుండె సంగతి ఇంట్లో ఎవరికీ తట్టదు. ఎకో తీయించి 'హార్ట్ ఫెయిల్యూర్' అని చీటీ మీద రాసిచ్చాక మాత్రం ఇంటిల్లిపాదికీ కాళ్లు చేతులు ఆడవు.

సగం భయం ఆ పేరులోనే ఉంది. 'ఫెయిల్' అంటే అయిపోయిందనే అర్థం మనకు. నిజానికి ఇది గుండె ఆగిపోవడం కాదు, గుండెపోటూ కాదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒంటికి కావాల్సినంత రక్తాన్ని నెట్టలేకపోతుంది. ముందుకు పోవాల్సింది వెనక్కి నిలబడుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆయాసం, కాళ్లలో చేరితే వాపు. పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ, ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ, పాడైన కవాటాలు, బలహీనపడిన గుండె కండరం.. ఏదైనా దీనికి దారితీయొచ్చు.

ఇక 'పంపింగ్ 30 శాతం' అన్న అంకె ఉంది. వందకు ముప్పై మార్కులు వచ్చినట్టు, గుండెలో డెబ్బై శాతం చచ్చిపోయినట్టు ఇంటోళ్లు లెక్క వేసుకుంటారు. అది తప్పు లెక్క. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ప్రతి దెబ్బకూ తనలోని రక్తాన్నంతా నెట్టదు. 55 నుంచి 70 శాతం దాకా నెట్టితే మంచి గుండె కిందే లెక్క. ముప్పై అంటే సగానికి తగ్గిందని, అంతే. మందులు సక్రమంగా పడితే ఈ అంకె పెరిగేవాళ్లూ ఉన్నారు. ఈ ఒక్క సంగతి ఆసుపత్రి వరండాలోనే ఎవరైనా విడమరచి చెబితే ఎన్ని ఇళ్లలో ఏడుపులు తగ్గుతాయో!

<b>ప్రమాదం ఇంటికొచ్చాకే</b>

అట్లాగని తేలిగ్గా తీసుకునే జబ్బూ కాదిది. 2019-20లో దేశవ్యాప్తంగా 53 ఆసుపత్రుల్లో చేరిన 10,851 మంది గుండె వైఫల్య రోగుల వివరాలను జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేశారు. వారి సగటు వయసు 60 లోపే. పదిమందిలో ఏడుగురికి గుండె రక్తనాళాల జబ్బే మూలం. 90 రోజుల్లోపు 14 శాతం మంది చనిపోయారు. అంతకుముందు 2013లో తిరువనంతపురంలో 1,205 మందితో ఇలాంటి నమోదే జరిగింది. ఆసుపత్రిలో ఉండగా పోయినవారు 8.5 శాతం. 90 రోజులకు ఆ లెక్క 18 శాతానికి చేరింది. అంటే ఆ మూడు నెలల్లో పోయినవారిలో సగానికి పైగా గండం గడిచిందనుకుని డిశ్చార్జి అయ్యాకే పోయారు.

ఇంట్లో డాక్టరుండడు, నర్సుండదు. ఇంటామె ఉంటుంది. లేదా కోడలు, కొడుకు, కూతురు. నెలకో రెండు నెలలకో ఒకసారి డాక్టరు పది నిమిషాలు చూస్తే, మిగతా రోజులన్నీ ఈ జబ్బును నడిపేది ఇంట్లోని ఇద్దరు మనుషులు. ఒకరు రోగి, ఒకరు తోడు. ఆ ఇద్దరి మధ్య లెక్క కుదిరిందా లేదా అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంది.

<b>ఒక చీటీ.. నాలుగు భాషలు</b>

మూకండపల్లి తెలుగిళ్లకు ఇంకో చిక్కుంది. గుండె అనగానే చాలామంది అత్తిబెలె దాటి బెంగళూరు వైపే పోతారు. దారిలోనే బొమ్మసంద్రలో దేవిశెట్టి స్థాపించిన నారాయణ హృదయాలయ. ఇంకా లోపలికి పోతే బన్నేరుఘట్ట రోడ్డులో కర్ణాటక ప్రభుత్వ జయదేవ ఆసుపత్రి. అక్కడ మాట కన్నడం. చేతికిచ్చే డిశ్చార్జి చీటీ ఇంగ్లీషు. మళ్లీ ఇటొస్తే మందుల అంగడిలో, ప్రభుత్వ ఆసుపత్రిలో అరవం. ఇంట్లో తెలుగు. నాలుగు భాషలు దాటి వచ్చేసరికి 'పొద్దున ఒకటి, మధ్యాహ్నం సగం' అన్నది 'పొద్దున సగం, మధ్యాహ్నం ఒకటి' అయినా ఆశ్చర్యం లేదు.

దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. డాక్టరు గానీ నర్సు గానీ చెప్పింది విన్నాక లేచి వచ్చేయకుండా, 'మాకు అర్థమైంది ఇదీ, సరేనా' అని తిరిగి వాళ్లకే అప్పజెప్పడం. తప్పుంటే అక్కడే తేలుతుంది. ఈ పని రోగి, తోడు ఇద్దరూ ఉన్నప్పుడు జరగాలి. ఒకరు బిల్లు కట్టే వరుసలో ఉండగా ఇంకొకరు ఒంటరిగా వింటే ఇంటికొచ్చాక సగం మాటలే మిగులుతాయి.

వరండాల్లో ఊరికే కూర్చుని ఎదురుచూసే బంధువులకే శిక్షణ ఇస్తే పోలేదా అన్న ఆలోచన ఈ బెంగళూరు రోడ్డు ఆసుపత్రి గొలుసులోనే పట్టాలెక్కింది. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న విద్యార్థులు నారాయణ ఆసుపత్రులతో కలిసి గుండె రోగుల ఇంటివారికి పాఠాలు మొదలుపెట్టారు. 2014లో అది 'నూరా హెల్త్' అనే సంస్థ అయింది. చేతులెలా కడగాలి, ఏ లక్షణానికి భయపడాలి, ఏది మామూలే.. ఇంతే పాఠం. తర్వాత ప్రభుత్వ ఆసుపత్రులకూ పాకింది. అలాంటి తరగతి జరుగుతున్న ఆసుపత్రిలో ఉంటే టీ తాగడానికి పోకుండా అందులో కూర్చోవడం మేలు.

<b>దాచుకుంటేనే చేటు</b>

గుండె కన్నా ముందు చెడేది ఇంట్లో మాట. ఆయన ఆయాసాన్ని దాస్తాడు. చెబితే కొడుకు సెలవు పెట్టాలి, ఆరోజు కూలి పోతుంది, బెంగళూరు పోను రాను ఖర్చు. 'ఏమీలేదులే, రాత్రి నిద్ర పట్టలేదు' అంటాడు. నిద్ర పట్టకపోవడమే లక్షణం అని ఆమెకు తెలియదు. ఆమె కూడా దాస్తుంది. పంపింగ్ ఎంతో, డాక్టరు పక్కకు పిలిచి ఏం చెప్పాడో ఆయనకు చెప్పదు, భయపడతాడని. ఇద్దరిదీ ప్రేమే. ఇద్దరి ప్రేమా కలిసి మనిషిని మళ్లీ ఐసీయూకు చేరుస్తుంది.

అమెరికాలో హార్లియా బక్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, ఆమె సహచరులు గుండె వైఫల్యం ఉన్న ఇళ్లను చూసి 2013లో నాలుగు రకాలుగా విడదీశారు. అన్నీ రోగే చూసుకునే ఇల్లు. అన్నీ తోడే చూసుకునే ఇల్లు. ఇద్దరూ కూర్చుని కలిసి చేసే ఇల్లు. నీకిది, నాకిది అని పని పంచుకునే ఇల్లు. మన దగ్గర రెండోదే ఎక్కువ కనబడుతుంది. మాత్రలు ఆమె చేతిలో పెడుతుంది, ఆయన నోట్లో వేసుకుంటాడు. ఏది దేనికో తెలియదు. ఆమె కానుపుకో పెళ్లికో వారం రోజులు పుట్టింటికి పోయిందంటే ఆ వారం మాత్రలూ పోయినట్టే. చేసేది ఒకరైనా సరే, తెలిసి ఉండాల్సింది మాత్రం ఇద్దరికీ.

పోలీసు పని కూడా పనికిరాదు. 'మళ్లీ ఊరుగాయ వేసుకున్నావా' అని రోజూ కేకలేస్తే, వేసుకోవడం మానరు, కనబడకుండా వేసుకుంటారు. ఇటలీలో 510 మంది రోగులు, వారి తోడులతో చేసిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. మందలించకుండా, 'నీకేది కష్టంగా ఉంది, ఏది చేయగలవు' అని అడిగి మాట్లాడిన చోట రోగులు తమ ఒంటిని తాము చూసుకోవడం మెరుగుపడింది.

<b>పొద్దున్నే అయిదు నిమిషాలు</b>

ఇద్దరూ కలిసి చేయాల్సిన మొదటి పని బరువు చూసుకోవడం. ఒంట్లో నీరు చేరుతోందని ఆయాసం కన్నా ముందు తూకం చెబుతుంది. పొద్దున లేచి, ఒంటికి పోసి, ఏమీ తినకముందు, రోజూ ఒకే రకం బట్టలతో తూగాలి. ఆ అంకెను గోడ కేలండర్‌లో ఆ తేదీ గడిలోనే రాస్తే చాలు, వేరే పుస్తకం అక్కర్లేదు. రోగి తూగితే తోడు రాయాలి, అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగిందంటే అది తిండి వల్ల వచ్చిన కండ కాదు, నీరు. ఆరోజే డాక్టరుకు ఫోను చేయాలి, వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

తర్వాత కాళ్లు. ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడి నిలిచిందా? తర్వాత దిండ్లు. పోయిన వారం ఒక దిండుతో పడుకున్న మనిషికి ఇప్పుడు మూడు కావాల్సి వస్తోందా? అర్ధరాత్రి లేచి కిటికీ దగ్గర కూర్చుంటున్నాడా? చెప్పులు వేసుకోవడానికి వంగితే ఊపిరాడడం లేదా? ఈ సంగతులు రోగి కన్నా పక్కన పడుకునే మనిషికే ముందు తెలుస్తాయి. డాక్టరు దగ్గర మొదట నోరు తెరవాల్సింది ఆ మనిషే.

<b>కిలో ప్యాకెట్ లెక్క</b>

తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ ఉప్పును ఉప్పనే అంటారు. సరిహద్దులో తర్జుమా అక్కర్లేని మాట అదొక్కటేనేమో! మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో సగటున 8 గ్రాములు తింటున్నట్టు ఐసీఎంఆర్ సంస్థల సర్వేలో తేలింది. గ్రాములెవరు కొలుస్తారు? ప్యాకెట్ కొలవొచ్చు. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు తెచ్చిన తేదీని దాని మీదే రాసిపెట్టాలి. 50 రోజులకు ముందే అయిపోయిందంటే ఎక్కువ పడుతున్నట్టు. ఊరుగాయ, అప్పడం, ఉప్పుచేప, బేకరీ మిక్చరు బయట నుంచి వస్తాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ రోజులే రావాలి.

రోగికి విడిగా చప్పిడి కూడు వండిపెట్టడం నాలుగు రోజుల ముచ్చట. అందరికీ ఒకే కూర, తక్కువ ఉప్పుతో వండి, కావాల్సినవాళ్లు పైన చల్లుకోవడం నిలబడే పద్ధతి. రాగిముద్దలో ఉప్పు లేకున్నా పోయేదేమీ లేదు, దాంట్లోకి వచ్చే ఊరిబిండిలోనే ఉంది సమస్య అంతా. చింతపండు, నిమ్మకాయ, కొత్తిమీర, వెల్లుల్లి ఉప్పు లోటును చాలావరకు కప్పేస్తాయి. కంపెనీ క్యాంటీన్‌లో ఎంత వేస్తారో మన చేతిలో లేదు కాబట్టి పనికి పోయే రోగికి క్యారియరే దారి. ఉప్పుకు బదులని అమ్మే 'తక్కువ సోడియం' ఉప్పులో పొటాషియం ఉంటుంది. గుండె మాత్రలు కొన్ని కూడా ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. రెండూ కలిస్తే గుండె లయే తప్పొచ్చు. డాక్టరును అడక్కుండా కొనొద్దు. గ్యాసుకని కలుపుకుని తాగే సోడా పొడిలో ఉండేదీ సోడియమే.

అయితే అతి కూడా వద్దు. ఉప్పును మరీ కట్టడి చేసినంత మాత్రాన మరణాలు, ఆసుపత్రి చేరికలు తగ్గలేదని 2022లో వచ్చిన 'సోడియం-హెచ్ఎఫ్' అధ్యయనం చెప్పింది. నీళ్ల విషయంలోనూ అంతే. నిలకడగా ఉన్న రోగులు దాహాన్ని చంపుకుని లీటరున్నర దగ్గరే ఆగడం వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని 2025లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చారు. వాపుతో, ఆయాసంతో ఉన్నవారి సంగతి వేరు. వారికి డాక్టరు కొలత చెబితే ఆ కొలతే. ఒక సీసాలో పొద్దునే పోసిపెట్టుకుంటే కాఫీ, మజ్జిగ, రసం కూడా అందులోంచి తీసివేసి లెక్క చూసుకోవచ్చు.

<b>'షుగర్ లేనోళ్లకు షుగర్ మాత్ర ఏల?'</b>

మందుల అంగడి ముందు తరచూ వినబడే ప్రశ్న ఇది. షుగర్ కోసం వచ్చిన డపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు షుగర్ లేకున్నా బలహీన గుండెను కాపాడతాయని 2019 నుంచి వరుసగా రుజువైంది. ఇంకో ప్రశ్న.. 'బీపీ వందే ఉంది, బీపీ మాత్ర ఎందుకు?' అది బీపీ తగ్గించడానికి కాదు, గుండె మీద బరువు తగ్గించడానికి. తెలియక ఆపేస్తే, బాగున్నట్టే ఉండి పది రోజులకు తిరగబెడుతుంది. ఇప్పుడు పంపింగ్ తగ్గినవారికి నాలుగు రకాల మందులు కలిపి ఇవ్వడం పద్ధతి. వాటిలో ఏది ఆపాలన్నా, పెంచాలన్నా, తగ్గించాలన్నా డాక్టరు మాటే. మధ్యమధ్య కిడ్నీ, పొటాషియం రక్త పరీక్షలు తప్పవు. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు మామూలుగా మింగేయకుండా ఒకసారి ఫోను చేసి అడగాలి. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగిశాక చౌక రకాలు చాలా వచ్చాయి. ధర భారమై మాత్ర మానేసినవాళ్లు మళ్లీ వెళ్లి అడగడం మంచిది.

అందరికీ తెలిసింది నీళ్ల మాత్ర, లాసిక్స్. ఆరు గంటలు పనిచేస్తుందన్న అర్థంలో ఇంగ్లీషులో ఆ పేరు పెట్టారంటారు. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం దాకా మాటిమాటికీ పోవాలి. అందుకే బెంగళూరు బస్సెక్కే రోజు చాలామంది దాన్ని ఎగ్గొడతారు. గుండె డాక్టరును చూడబోయే రోజే గుండె మాత్ర ఎగ్గొట్టడం! బస్సు కష్టాన్ని దాచకుండా చెబితే, ఆరోజుకు ఇంటికొచ్చాక వేసుకునేట్టు డాక్టరే వేళ మార్చి ఇవ్వగలరు.

మోకాళ్ల నొప్పికి అంగడిలో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీటిని నిలబెడతాయి. గుండె బలహీనమైన వారికి అవి శత్రువులే. నొప్పి ఎవరిదైనా మాత్ర కొనితెచ్చేది సాధారణంగా తోడే కాబట్టి ఇది వారు గుర్తుపెట్టుకోవాలి.

ఇంటింటికీ బీపీ, షుగర్ మాత్రలు చేర్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మొదలైంది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే, 2021 ఆగస్టు 5న. గడప దాకా మందు రావడం పెద్ద సాయం. కానీ బెంగళూరు చీటీలోని మాత్ర, ఇంటికొచ్చిన మాత్ర ఒకే పనికి రెండుసార్లు పడే ప్రమాదముంది. అన్ని మాత్రలూ ఒకే సంచిలో వేసి, ఇంటికొచ్చిన ఆరోగ్య కార్యకర్తకూ, బెంగళూరు డాక్టరుకూ రెండు చోట్లా చూపించాలి.

<b>పని చేసే చేతులు ఆగితే..</b>

సిప్కాట్ కార్మికులకు తెలియాల్సినది ఒకటుంది. ఈఎస్ఐలో దీర్ఘకాలిక జబ్బులకు ఇచ్చే పొడిగించిన అనారోగ్య భృతి జాబితాలో గుండె వైఫల్యం కూడా ఉంది. రెండేళ్ల సర్వీసు, చందా రోజుల నిబంధనలు సరిపోతే వేతనంలో 80 శాతం చొప్పున, వైద్య బోర్డు ఒప్పుకుంటే రెండేళ్ల దాకా అందుతుంది. కాంట్రాక్టు కార్మికులైనా జీతంలో ఈఎస్ఐ కోత ఉంటే అడిగే హక్కుంది. అయితే రోగి పక్కన కూర్చోవడానికి పని మానుకున్న భార్యకో కొడుక్కో ఈ భృతిలో చోటు లేదు. ఆ నష్టం ఎవరి లెక్కలోనూ పడదు.

ఆ నష్టం మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. రాత్రి రెండుసార్లు లేచి, పొద్దున వండి, షిఫ్టుకు పోయి వచ్చి, తన బీపీ మాత్ర తాను మరిచిపోయే ఇల్లాలు ప్రతి వీధిలోనూ కనబడుతుంది. వారానికి ఒక పూటైనా ఆమెను ఆ పని నుంచి తప్పించగల మనిషి, ఆడపడుచో తమ్ముడో, పక్కింటామో, ఉండి తీరాలి. ఇక జబ్బు ఆమెకే వస్తే? జాతీయ రిజిస్ట్రీలో నమోదైన రోగుల్లో ఆడవాళ్లు 31 శాతమే. ఆడవాళ్లకు జబ్బు రాక కాదు, కొంతవరకు ఆసుపత్రి దాకా చేరకే అనుకోవాల్సి వస్తుంది. మందు ఆమెకు పడ్డా వంట ఆమెదే, నీళ్ల బిందె ఆమెదే. ఇంటాయన ముందు నేర్చుకోవాల్సింది కుక్కరు పెట్టడం, ఆమె బరువు కేలండర్‌లో రాయడం.

కదలకుండా మంచానికి కట్టేయడం కూడా మేలు కాదు. డాక్టరు సరేనన్నాక, మాట్లాడుతూ నడవగలిగినంత నడక రోజూ మంచిదే. నడుస్తూ మాట పెగలకపోతే ఆగాలి. ఆ మాట్లాడే మనిషి పక్కన ఉండాలి కాబట్టి అది కూడా ఇద్దరి పనే.

అన్నీ సరిగా చేసినా కొందరికి జబ్బు ముదురుతుంది. తిరువనంతపురం లెక్కలో అయిదేళ్లకు మిగిలింది పదిమందిలో నలుగురే. ఊపిరి కష్టాన్ని, నొప్పిని తగ్గించే ఉపశమన వైద్యం క్యాన్సర్‌కు మాత్రమే అనుకుంటారు. అది గుండెకూ ఉంది. 'మక్కళై తేడి మరుత్తువం'లో ఇంటి దగ్గర ఉపశమన సేవ కూడా ఒక భాగం. మళ్లీ ఐసీయూకు పోవాలా, ఇంట్లోనే ఉండాలా అన్నది రోగి నోరు తిరిగి చెప్పగలిగినప్పుడే అడిగి తెలుసుకోవాలి.

కూర్చున్నా ఊపిరాడకపోవడం, గులాబీ నురగతో దగ్గు, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం.. వీటిలో ఏది వచ్చినా తూకం, కేలండరు పక్కన పెట్టి 108కి ఫోను చేయాలి. హోసూరులో ఫోను ఎత్తేవారు అరవంలో మాట్లాడతారు. ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చి సిప్కాట్‌లో చేరిన కుటుంబాలు రెండు ముక్కలు గోడ మీద రాసిపెట్టుకోవడం మేలు: 'ఇదయ నోయాళి', అంటే గుండె రోగి. 'మూచ్చు తిణరల్', అంటే ఊపిరాడడం లేదు. అత్తిబెలె దాటాక అయితే 'ఉసిరాటద తొందరె'. కన్నడంలో తొందరె అంటే ఇబ్బంది.